చాయ్ కొట్టు దగ్గర సైన్స్ మాట: అసలు సంగతంతా బ్రేక్‌లోనే

[తెరపై: గాజు గ్లాసు దగ్గరగా. నీళ్లు, అడుగున కాస్త టీ పిప్పి. చెంచా తిరుగుతోంది.]

ఈ వీడియో ఆపేసి ఒక్క పని చేయండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పొద్దున వడకట్టిన టీ పిప్పి చిటికెడు వేయండి. చెంచాతో గిర్రున తిప్పి, చెంచా బయటికి తీసేయండి. పిప్పి ఎక్కడ చేరుతుంది? రంగులరాట్నం ఎక్కితే బయటికి తోసేసినట్టు ఉంటుంది కదా, దీన్ని కూడా గ్లాసు అంచులకే తోసేయాలి. కానీ చూడండి, సరిగ్గా నడిమధ్యన కుప్పగా చేరింది.

ఎందుకో చెప్తాను. ముందు నా బాధ వినండి.

[తెరపై: కుర్చీలు వేసిన ఖాళీ హాలు]

ఓ ఫిబ్రవరి 28న, అంటే నేషనల్ సైన్స్ డే నాడు, ఒక సైంటిస్ట్ మాట్లాడతారని తెలిసి వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన అయింది. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, శాలువాలు, మెమెంటోలు. ఆ సైంటిస్ట్‌కి మైకు అందేసరికి జనం వాచీలు చూసుకుంటున్నారు. ఆయన చెప్పింది బాగానే ఉంది. నేను చెయ్యెత్తాను. "సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం లేదు" అన్నారు, వందన సమర్పణ మొదలుపెట్టారు. అడగాలనుకున్న ప్రశ్న జేబులోనే ఉండిపోయింది.

ఇలా కాకుండా ఇంకోలా చేయొచ్చని 1998లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊళ్లో డంకన్ డల్లాస్ అనే ఒకాయన చేసి చూపించారు. ఆయన ప్రొఫెసర్ కాదు, టీవీలో సైన్స్ కార్యక్రమాలు తీసిన మనిషి. అంతకు ముందు 1992లో పారిస్‌లో మార్క్ సోటే అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు ఒక కేఫ్‌లో జనంతో కూర్చుని తత్వ చర్చలు మొదలుపెట్టాడు. అదే పని సైన్స్‌తో ఎందుకు చేయకూడదు అనుకున్నారు డల్లాస్. పేరు కేఫ్ సైంటిఫీక్. తర్వాత చాలా దేశాలకు పాకింది.

[తెరపై: గడియారం. ఇరవై నిమిషాలు, ఖాళీ, తర్వాత గంట.]

పద్ధతి చాలా సింపుల్. సైంటిస్ట్ ఓ ఇరవై నిమిషాలు మాట్లాడతాడు, అదీ వీలైనంత వరకు స్లైడ్లు లేకుండా. తర్వాత బ్రేక్. అందరూ లేచి కాఫీయో, ఇంకేదో తెచ్చుకుంటారు. ఆ తర్వాత దాదాపు గంటసేపు ప్రశ్నలు, వాదన.

ఈ మొత్తంలో గొప్పది ఉపన్యాసం కాదు, బ్రేక్. మైకు పట్టుకుని నలుగురిలో అడగాలంటే ఎవరికైనా టెన్షనే. "ఇది మరీ పిచ్చి ప్రశ్నేమో" అనిపిస్తుంది. కప్పు చేతిలో పెట్టుకుని పక్కవాణ్ని అడగడానికి ఏ టెన్షనూ ఉండదు. "ఆయనన్నది నీకు అర్థమైందా?" "లేదు గురూ, నీకు?" అక్కడితో భయం పోతుంది. బ్రేక్ అయ్యాక లేచే చేతులు అందుకే ఎక్కువ. పైగా హోటల్ మనది, రోజూ కూర్చునే చోటు. అక్కడ సైంటిస్టే అతిథి.

[తెరపై: ముంబై మ్యాప్. కొలాబా నుంచి జుహూ వరకు గీత.]

మన దేశంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ముంబైది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనే సైన్స్ పరిశోధన సంస్థ ఉండేది కొలాబా చివర, నేవీ నగర్‌లో. మామూలు మనిషి ఊరికే అలా నడుచుకుంటూ లోపలికి పోయే చోటు కాదది. అందుకని వాళ్లే బయటికొచ్చారు. 2009లో 'చాయ్ అండ్ వై?' అని మొదలుపెట్టారు. అక్కడికి చాలా దూరాన ఉన్న జుహూలో, నాటకాలాడే పృథ్వీ థియేటర్లో, ఆదివారం పొద్దున పదకొండింటికి. టికెట్ లేదు, ముందుగా పేరివ్వక్కర్లేదు. పిల్లలూ రావచ్చు, తాతలూ రావచ్చు. పేరులోనే చాయ్ పక్కన 'ఎందుకు?' పెట్టారు చూడండి, అది నాకు భలే నచ్చింది. బెంగళూరు వాళ్లు చాయ్ బదులు కాఫీ పెట్టి 'కాపీ విత్ క్యూరియాసిటీ' అన్నారు, వాళ్ల తాగుడు వాళ్లది! హైదరాబాద్‌లో అయితే బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో సమోసా, చాయ్ పక్కన పెట్టుకుని ఇలాంటి మాటలు వినొచ్చు.

[తెరపై: మళ్లీ గ్లాసు, ఈసారి పక్క నుంచి]

ఇక మన పిప్పి సంగతి. నీళ్లు తిరిగేటప్పుడు అంచుల్లో మట్టం కాస్త లేస్తుంది, మధ్యలో గుంట పడుతుంది. అంటే అంచు దగ్గర ఒత్తిడి ఎక్కువ. పైనున్న నీళ్లు వేగంగా తిరుగుతాయి కాబట్టి ఆ ఒత్తిడికి నిలబడతాయి. అడుగు నీళ్లు గ్లాసుకి రాసుకుని నెమ్మదిస్తాయి. అవి నిలబడలేక మధ్యలోకి జారతాయి, పోతూ పోతూ పిప్పిని ఊడ్చుకెళ్తాయి. మధ్యలో నీళ్లు పైకి లేస్తాయి కానీ, పిప్పి బరువు కాబట్టి అక్కడే కూలబడుతుంది.

1926లో ఐన్‌స్టీన్ ఈ టీ కప్పుతోనే నదుల వంపుల గురించి రాశాడు. నది మలుపు తిరిగిన చోటా ఇంతే: బయటి ఒడ్డు కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. ఈ మాట కోనసీమలో, ఏ లంక గ్రామం టీ కొట్టు దగ్గరో చెప్పారనుకోండి. "మా కొబ్బరితోట ఏట్లో కలిసిపోయింది, అదీ ఇదేనా?" అని ఒక రైతు అడుగుతాడు. వరదలున్నాయి, ఇసుక తవ్వకాలున్నాయి, జవాబు అంత తేలిక కాదు. సైంటిస్ట్ కాస్త తడబడతాడు. తడబడనివ్వండి.

మీ ఊళ్లో పెట్టాలంటే పెద్ద ఖర్చేం లేదు. బేరాలు తక్కువుండే రోజు చూసి హోటల్ ఓనర్‌ని అడగండి, ఆయన టీలు ఆయనకి అమ్ముడుపోతాయి. కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్, పశువుల డాక్టర్, వ్యవసాయ శాస్త్రవేత్త, ఎవరైనా సరే, తెలుగులో చెప్పగలిగితే చాలు. మిక్సీ, ఫ్యాన్ మోతకి దూరంగా బల్లలు వేయించండి. ఇరవై నిమిషాలు దాటితే గంట కొట్టడానికి మొహమాటం లేని మనిషిని ఒకర్ని పెట్టండి. శాలువా మాత్రం తేవద్దు.

[తెరపై: గ్లాసు అడుగున కుదురుకుంటున్న పిప్పి]