బరంపురం ఉప్పు గాలిలో జిప్సం గోడ మూలలు

నమస్కారం అండీ, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. జిప్సం బోర్డు పార్టిషన్ వేయించాం, మూలలు రాలిపోతున్నాయి, ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. రెండు బోర్డులు కలిసి బయటకి పొడుచుకొచ్చే మూలని ఉత్త పుట్టీతో తీర్చితే, మంచం జరిపేటప్పుడు తగిలే ఒక్క దెబ్బకే ఊడుతుంది. అక్కడ కార్నర్ బీడ్ పడాల్సిందే. మూలకి తొడిగే సన్నటి పట్టీ అది. రెండు రెక్కల నిండా చిల్లులు, మధ్యలో ఉబ్బెత్తు అంచు.

బీడ్ ఇనుపదా, పీవీసీ ప్లాస్టిక్‌దా? గోపాలపురం సముద్రం మనకి దగ్గర. గాల్వనైజ్డ్ ఇనుప బీడ్ గట్టిదే, కానీ కోసిన చోట, గీసుకున్న చోట జింకు పూత పోతుంది. సముద్రం వైపు ఒక ఇంట్లో నేను ఇనుపదే వేశాను. ఒక్క వానాకాలం తిరిగేసరికి తెల్ల పెయింట్ మీద తుప్పు గీత నిలువునా తేలింది. ఆ ఇంటి పిన్నిగారు ఒక్క మాట అనలేదు, గోడ చూపించారంతే. నాకు చాలా బాధేసింది. మొత్తం పీకి పీవీసీది వేసిచ్చాను. అటువైపు పని అంటే ఇప్పటికీ పీవీసీయే.

బీడ్‌ని గది ఎత్తుకన్నా అర అంగుళం తక్కువ కోయండి. పైన సీలింగుకి ఆనించి, ఆ ఖాళీ కింద వదలండి. నేలకి ఆనిస్తే, ఇల్లు కాస్త కుంగినా పట్టీ వంగి మూల పగులుతుంది. గోడ అడుగున స్కర్టింగ్ పట్టీ వేస్తే ఖాళీ ఎలాగూ కనపడదు. పీవీసీకి స్ప్రే గమ్ కొట్టి, 8 అంగుళాలకొకటి చొప్పున స్టేపుల్ దించండి.

ఇప్పుడు అసలు సంగతి. అల్యూమినియం బద్ద తీసుకుని, ఒక కొస బీడ్ అంచు మీద, రెండో కొస బోర్డు మీద ఆనించండి. అంచు దగ్గర బద్దకీ బోర్డుకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉండాలి. కాంపౌండ్, అంటే బీడ్ మీద పూసే ముద్ద, కూర్చునేది ఆ సందులోనే. బీడ్‌ని గట్టిగా నొక్కేసి సందు పోగొడితే, ఎంత పూసినా రెక్క తేలుతుంది. నిలువుకి రసమట్టం కూడా పెట్టి చూడండి.

కాంపౌండ్ మూడు పూతలు వేయాలి. మొదటిది 6 అంగుళాల బ్లేడుతో, చివరిది 12తో, ప్రతిసారీ ఇంకాస్త వెడల్పుగా లాగాలి. వానాకాలంలో మాత్రం తొందరపడకండి. రెడీమిక్స్ కాంపౌండ్ నీరు ఆరితేనే గట్టిపడుతుంది, మన తేమకి రెండో రోజుకీ పచ్చిగానే ఉండొచ్చు. పచ్చి మీద ఇంకో పూత వేస్తే తర్వాత కుంచించుకుని బీటలిస్తుంది. ఫ్యాను తిప్పి ఉంచండి, వేలితో తాకితే చల్లగా తగలకూడదు. ఎమ్రీ పేపర్ పక్కల మీదే రుద్దండి, అంచు జోలికి వెళ్లొద్దు.