‘వుడ్ యు మైండ్?’ అని అడిగితే ‘నో’ అనడమే మర్యాద

[తెర మీద: ఐ డోంట్ మైండ్]

నమస్కారం. ఒకసారి రైలులో కళ్ళారా చూసింది చెబుతాను. కోల్‌కతా నుంచి వస్తున్న ఒక పెద్దావిడకు పై బెర్తు వచ్చింది. కింది బెర్తులో ఉన్న మన తెలుగు కుర్రాడిని, ‘వుడ్ యు మైండ్ ఛేంజింగ్ బెర్త్స్?’ అని అడిగారు. అతను నవ్వుతూ ‘ఎస్, ఎస్’ అన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. ‘సారీ’ అంటూ పక్కకు తిరిగారు. అతనేమో అప్పటికే దుప్పటి మడుస్తున్నాడు! ఇవ్వాలనే ఉంది, మాటే అడ్డుపడింది.

[తెర మీద: మైండ్ = అభ్యంతరం]

ఇక్కడ ‘మైండ్’ అంటే మనసు కాదు, అభ్యంతరపడటం. ‘బెర్తు మారడానికి మీకేమైనా అభ్యంతరమా?’ అని ఆమె అడిగారు. తెలుగులో అయితే ఏమంటాం? ‘అబ్బే, లేదండీ, రండి’ అంటాం. ఇంగ్లీషులోనూ అంతే: ‘నో, నాట్ ఎట్ ఆల్.’ ‘మారతారా?’ అని అర్థం చేసుకున్నప్పుడే నోటికి ‘ఎస్’ వస్తుంది. అందుకే ఈ మాట విన్న వెంటనే మనసులో ‘అభ్యంతరమా?’ అనుకోండి, జవాబు దానంతటదే సరిగ్గా వస్తుంది. ఉత్త ‘నో’తో ఆగితే పెళుసుగా ఉంటుంది, ‘నాట్ ఎట్ ఆల్’ తప్పకుండా కలపండి.

‘మైండ్’ తర్వాత వచ్చే క్రియకు ‘ఇంగ్’ చేర్చాలి. ‘ఐ డోంట్ మైండ్ వెయిటింగ్’ సరైనది, ‘టు వెయిట్’ తప్పు. ‘సిద్ధమే’ అని చెప్పే ‘విల్లింగ్’ వాడితే మాత్రం ‘ఐ యామ్ విల్లింగ్ టు వెయిట్’ అనాలి.

[తెర మీద: శుభలేఖ]

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది. ‘ఐ డోంట్ మైండ్’లో ఒప్పుకోలు ఉంది, ఉత్సాహం లేదు. ‘టీయా, కాఫీయా?’ అన్నప్పుడు ఏదైనా సరేనని చెప్పడానికి చక్కగా సరిపోతుంది. కానీ స్నేహితురాలు శుభలేఖ చేతికిచ్చి పెళ్ళికి పిలిస్తే ‘ఐ డోంట్ మైండ్ కమింగ్’ అనకండి. ‘రావడానికి నాకేమీ అభ్యంతరం లేదులే’ అన్నట్టు వినిపించి ఆమె నొచ్చుకుంటుంది. అక్కడ ‘ఐ వుడ్ లవ్ టు కమ్’ అనాలి.

మన ‘పర్వాలేదు’తోనూ దీన్ని ముడిపెట్టకండి. కాఫీ ఇవ్వబోతే ‘పర్వాలేదండీ’ అంటే మనకు వద్దనే అర్థం కదా, ‘ఐ డోంట్ మైండ్’ అంటే మాత్రం సరేననే.

[తెర మీద: మూసిన కిటికీ]

ఇప్పుడు బిగ్గరగా జవాబు చెప్పండి. ‘వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ద విండో?’

‘నో, నాట్ ఎట్ ఆల్’ అంటూ లేచి కిటికీ తెరవండి.