గ్రౌండ్ అంటే మురుగు కాలువ: సొంత సర్క్యూట్ బోర్డు గీసే ముందు ఇది చూడండి

నమస్కారం అండి. ఈ మధ్య నాకు ఒకటే గోడు మళ్లీ మళ్లీ వస్తోంది. "విడి మాడ్యూళ్లు వైర్లతో కలిపినప్పుడు బాగానే పనిచేసిందండి. సొంత పీసీబీ (సర్క్యూట్ బోర్డు) చేయించాక జీఎస్ఎం మాడ్యూల్, అంటే సిమ్ వేసి మెసేజ్‌లు పంపే ముక్క, మెసేజ్ పంపబోయి ఆగిపోతోంది." కోడ్ మార్చి చూస్తారు, మాడ్యూల్ మార్చి చూస్తారు, చివరికి సిమ్ కూడా మార్చి చూస్తారు. బోర్డు ఫొటో పెట్టమంటే అందులో పవర్ లైను శ్రద్ధగానే గీసి ఉంటుంది. గ్రౌండ్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, మాత్రం ఎక్కడ సందు దొరికితే అక్కడ సన్నగా తిప్పి కలిపేసి ఉంటుంది.

అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మనది గోదావరి డెల్టా అండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలువలొచ్చాయి, పంటలొచ్చాయి. అయితే చేలోకి వచ్చిన నీరు బయటికి పోకపోతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? యనమదుర్రు డ్రెయిన్ పొంగితే ఎలా ఉంటుందో భీమవరం వాళ్లని అడగండి. బోర్డు మీద పవర్ లైను పంట కాలువ, గ్రౌండ్ మురుగు కాలువ. పైగా పొలంలో కొంత నీరు ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది. కరెంటు అలా కాదు, ఎంత లోపలికి పోయిందో అంతా గ్రౌండ్ మీదుగా వెనక్కి రావాల్సిందే.

[స్క్రీన్ మీద: చెరువు గట్టు బోర్డు, పై లేయర్ (పై వైపు రాగి పొర)]

ఇది రొయ్యల చెరువు గట్టు మీద పెట్టే బోర్డు. కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతే రైతు ఫోన్‌కి మెసేజ్ పంపాలి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే బోర్డు చేతులెత్తేస్తే ఇక అది ఉండి ఏం లాభం?

ఇందులో సిమ్800ఎల్ అనే జీఎస్ఎం మాడ్యూల్ ఉంది. దీనికి 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. 0.25 మిల్లీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న ట్రేస్‌కి (బోర్డు మీది రాగి గీతకి) దాదాపు 0.2 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. 2 ఆంపియర్లు పారితే 0.4 వోల్టు అక్కడే పోయింది. గ్రౌండ్ కూడా అంతే సన్నగా, అంతే పొడవుగా గీస్తే ఇంకో 0.4. బ్యాటరీ దగ్గర 4 వోల్టులు ఉన్నా మాడ్యూల్‌కి అందేది 3.2. శివారు పొలానికి నీరందనట్టే, మాడ్యూల్ ఆగిపోతుంది.

మల్టీమీటర్ పెడితే మాత్రం 4 వోల్టులే చూపిస్తుంది. ఎందుకంటే ఆ లాగడం ఒక్కోసారి 0.6 మిల్లీసెకను కూడా ఉండదు, 4.6 మిల్లీసెకన్లకోసారి వచ్చి పోతుంది. మీటరు అంత వేగంగా పట్టుకోలేదు. పాపం, అందుకే అందరూ కోడ్‌ని అనుమానిస్తారు.

మరి ఏం చేయాలి? రెండు లేయర్ల బోర్డు తీసుకుని కింది లేయర్ మొత్తం గ్రౌండ్‌కే వదిలేయండి. బోర్డు గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో జోన్ (రాగి నింపాల్సిన హద్దు) గీసి బీ నొక్కితే రాగి నిండిపోతుంది. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు, అసలు తప్పు ఆ తర్వాతే జరుగుతుంది. పైన దారి దొరకలేదని ఏదో ఒక సిగ్నల్ లైనును కిందకి దించి, ఆ గ్రౌండ్‌ని అడ్డంగా చీల్చేస్తారు. డ్రెయిన్‌కి అడ్డంగా చెరువు గట్టు వేసినట్టే ఇది. నీరు ఆగదు, చుట్టూ తిరిగి పక్కవాడి చేను ముంచుతుంది. ఇక్కడ కూడా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కరెంటు, జీఎస్ఎం కరెంటు చుట్టూ తిరిగి సెన్సర్ గ్రౌండ్ మీదుగా పోతాయి. దాంతో సెన్సర్ రీడింగ్ ఊగిసలాడుతుంది. తప్పనిసరై లైను కిందకి దించినా, చిన్న ముక్క దించి వెంటనే పైకి తెచ్చేయండి. లైన్లు తనంతట తనే గీసేసే ఆటోరూటర్‌కి ఈ పట్టింపు ఉండదు, అందుకే నాకు దాని మీద నమ్మకం లేదు. ఇంత చిన్న బోర్డుకి చేత్తో గీయడమే మేలు.

ఇక కెపాసిటర్. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకుంటాం కదా, ఇదీ అదే పని. ఆ చెరువు ఊళ్లోనే ఉండాలి, పక్క మండలంలో ఉంటే బిందెలోకి నీళ్లు రావు. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని బ్యాటరీ సాకెట్ దగ్గర కాదు, సిమ్800ఎల్ పవర్ పిన్నుల పక్కనే పెట్టండి. మైక్రోకంట్రోలర్ (కోడ్ నడిచే చిప్) ప్రతి పవర్ పిన్ను దగ్గరా 0.1 మైక్రోఫారడ్ ఒకటి పెట్టండి. దాని రెండో కాలు పక్కనే వయా (పై రాగిని కింది రాగితో కలిపే రంధ్రం) వేసి నేరుగా కింది గ్రౌండ్‌లోకి దించండి. తూము ఉండి బోదె లేకపోతే ఉపయోగం లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. పవర్ లైను కనీసం 2 మిల్లీమీటర్లు ఉంచండి. రిలే దగ్గర 230 వోల్టుల రాగికీ మన వైపు రాగికీ మధ్య నేను 8 మిల్లీమీటర్లకు తగ్గించను, చెరువు గట్టు మీద తేమ అలాంటిది. రిలే కాయిల్‌కి డయోడ్ మర్చిపోవద్దు. బోర్డు తయారుచేసే కంపెనీకి గెర్బర్ ఫైళ్లు (బోర్డు డ్రాయింగులు) పంపే ముందు బోర్డును అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, పార్టులు దాని మీద పెట్టి చూడండి, కాళ్లు సరిపోతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

అసెంబ్లీలో పొట్టి పార్టులు ముందు, పొడుగువి తర్వాత. 63/37 సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, ఐరన్ 330 దగ్గర పెడితే చాలు. గ్రౌండ్ ప్యాడ్ మాత్రం వేడి లాగేస్తుంది, అక్కడ ఇంకో క్షణం ఆగండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద చార ఉన్న వైపు నెగెటివ్. బ్యాటరీ పెట్టే ముందు పవర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మీటరుతో షార్ట్ చూడండి. మీటరు కీచుమని ఆపకుండా మోగుతుంటే బ్యాటరీ పెట్టొద్దు. అంతా పనిచేశాక యాంటెన్నా కనెక్టర్‌కీ సిమ్ సాకెట్‌కీ టేపు వేసి, మిగతా బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా వేసే పూత) కొట్టి, ఆరాకే డబ్బాలో బిగించండి.