వారసుడు లేని దొర అమ్మిన బిరుదు: దోఫాన్ కథ

[తెరపై: ఆల్ప్స్ కొండల నడుమ గ్రెనోబుల్ పట్టణం]

ఫ్రాన్స్ యువరాజును దోఫాన్ అనేవారు. ఆ బిరుదు రాజవంశంలో పుట్టింది కాదు, అప్పుల్లో కూరుకుపోయిన ఒక దొర నుంచి కొనుక్కున్నది.

12వ శతాబ్దంలో, నేటి ఆగ్నేయ ఫ్రాన్స్‌లోని అల్బోన్ ప్రాంతాన్ని ఏలిన కౌంటు నాలుగో గీగ్‌కు దోఫాన్, అంటే డాల్ఫిన్, అనే పేరుండేది. వారసులు దాన్నే బిరుదు చేసుకున్నారు, తమ చిహ్నంలో డాల్ఫిన్ బొమ్మ వేయించుకున్నారు. వాళ్ల గడ్డకు దోఫినే అనే పేరు స్థిరపడింది.

[తెరపై: డాల్ఫిన్ చిహ్నం]

ఆ వంశంలో చివరివాడు రెండో ఉంబేర్. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆయనే. 1339లో గ్రెనోబుల్‌లో విశ్వవిద్యాలయం నెలకొల్పిన మనిషి. కానీ ఒక్కగానొక్క కొడుకు ఆంద్రే 1335లోనే, పసితనంలో పోయాడు. ఆస్థానపు ఆడంబరం, ఆపై స్మిర్నా (నేటి తుర్కియేలోని ఇజ్మీర్) మీద సాగిన క్రూసేడ్, అంటే క్రైస్తవ మతయుద్ధం, ఖర్చు ఖజానాను ఊడ్చేశాయి. 1347లో భార్య కూడా కన్నుమూసింది.

1349 మార్చి 30న రోమాన్ పట్టణంలో ఒప్పందం కుదిరింది. 2 లక్షల ఫ్లోరిన్లకు, ఏటేటా భరణానికి దోఫినే ఫ్రాన్స్ రాజవంశం చేతికి వెళ్లింది. ఉంబేర్ డొమినికన్ సన్యాసుల్లో కలిశాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దోఫినే అప్పటికి పవిత్ర రోమన్ సామ్రాజ్యం, అంటే జర్మన్ చక్రవర్తుల సామ్రాజ్యం, పరిధిలోది. అందుకే దాన్ని ఫ్రాన్స్‌లో నేరుగా కలిపేసుకోకుండా, రాజు ఆరో ఫిలిప్ మనవడు షార్ల్ పేర విడిగా ఉంచారు. అతనికి 11 ఏళ్లు. మరుసటి ఏడు తాత మరణించి తండ్రి రాజు కావడంతో, దోఫాన్ షార్లే సింహాసనానికి వారసుడయ్యాడు. ఆనవాయితీ అలా మొదలైంది.

[తెరపై: రైమ్స్ కెథెడ్రల్]

ఆ షార్ల్ మనవడైన ఏడో షార్ల్ తండ్రి 1422లో చనిపోయాడు. అయినా 1429లో రైమ్స్‌లో పట్టాభిషేకం జరిగేదాకా, ఫ్రెంచ్ సేనను నడిపిన పల్లె యువతి జోన్ ఆఫ్ ఆర్క్ అతన్ని దోఫాన్ అనే పిలిచింది.

తర్వాతి కాలంలో ఈ బిరుదు మోసినవాళ్లను మృత్యువు వెంటాడింది. పద్నాలుగో లూయీ కొడుకు 1711లో మశూచితో పోయాడు. 1712లో మనవడు, ఆ వెంటనే మునిమనవడు. దోఫాన్లు ముగ్గురూ ఏడాదిలోపే రాలిపోయారు. చివరికి రెండేళ్ల పసివాడు మిగిలాడు, అతడే పదిహేనో లూయీ. విప్లవకాలంలో పదహారో లూయీ కొడుకు 1795లో, పదేళ్ల వయసులో, టాంపుల్ జైలులో మరణించాడు.

ఆఖరి దోఫాన్ అంగూలేమ్ డ్యూక్ లూయీ ఆంత్వాన్. 1830 జూలై విప్లవం అతని తండ్రిని గద్దె దించింది. కొత్త రాజు లూయీ ఫిలిప్ తన పెద్ద కొడుకుకు ఆ బిరుదు ఇవ్వలేదు.