మరిగిస్తే కరిగే ప్రోటీన్: హెన్రీ బెన్స్ జోన్స్

వ్యాఖ్యాత: 1845 నవంబరు 1న లండన్‌లో డాక్టర్ థామస్ వాట్సన్ ఒక రోగి మూత్రాన్ని గాజు నాళికలో పంపి ‘ఇదేమిటో చెప్పండి’ అన్నారు. బెన్స్ జోన్స్‌కే ఎందుకు పంపారు మేడమ్?

సైన్స్ చరిత్రకారిణి: ఆయన వైద్యుడూ, రసాయన శాస్త్రవేత్తా. 1841లో జర్మనీలోని గీసెన్ వెళ్లి రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రయోగశాలలో విశ్లేషణ నేర్చుకున్నారు. తూకం వేయకుండా ఏదీ చెప్పేవారు కాదు. రోగి ఒక కిరాణా వర్తకుడు, ఎముకలు మెత్తబడి విరుగుతున్నాయి. బెన్స్ జోన్స్ వెయ్యి పాళ్ల మూత్రంలో దాదాపు 67 పాళ్ల ప్రోటీన్ లెక్కగట్టారు. అంటే రోజూ ఒంట్లోంచి ఎంత పోతున్నదో చూడండి! వేడికి అది వింతగా ప్రవర్తించడం మొదట గమనించింది మాత్రం ఆ రోగిని చూసిన మరో వైద్యుడు విలియం మకింటైర్. ఆ ఘనత ఆయనకు దక్కకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

వ్యాఖ్యాత: ఆ వేడి పరీక్ష ఎలా చేసేవారు డాక్టర్ గారూ?

పాథాలజిస్టు: తాజా మూత్రాన్ని వడగట్టి, 4 మిల్లీలీటర్లకు 1 మిల్లీలీటరు అసిటేట్ బఫర్ (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ద్రావణం) కలిపి పీహెచ్ 4.9కి తెచ్చేవాళ్లం. నీళ్లతొట్టిలో 56 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచితే తెల్లగా తరకలు కడుతుంది. తర్వాత మరిగిస్తే ఆ తెలుపు తగ్గుతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది.

వ్యాఖ్యాత: ఆల్బుమిన్ అనే మామూలు రక్త ప్రోటీన్ కూడా మూత్రంలో ఉంటే?

పాథాలజిస్టు: చాలామంది పొరబడేది అక్కడే. ఆల్బుమిన్ మరిగినా కరగదు, దాని తెలుపు ఇంకా పెరుగుతుంది. అందుకని మరుగుతుండగానే వడగట్టాలి. గరాటు కూడా వేడిగా ఉండాలి, లేకపోతే మనకు కావలసిన ప్రోటీన్ కాగితం మీదే గడ్డకట్టి ఉండిపోతుంది. వడగట్టిన ద్రవం చల్లారేటప్పుడు మసకబారితే అనుమానించవచ్చు.

చరిత్రకారిణి: ఎముకలు మెత్తబడే జబ్బుల్లో ఈ ప్రోటీన్ కోసం మళ్లీ వెతకాలని బెన్స్ జోన్స్ రాశారు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని అదే. ఆ ప్రోటీన్ యాంటీబాడీలో (రోగాలతో పోరాడే ప్రోటీన్‌లో) ఉండే లైట్ చైన్ అనే చిన్న గొలుసు అని 1962లో శాస్త్రవేత్తలు ఎడెల్‌మన్, గాలీ నిరూపించారు.

వ్యాఖ్యాత: ఇప్పటికీ ఈ వేడి పరీక్షే చేస్తున్నారా?

పాథాలజిస్టు: లేదండీ, కొద్దిపాటి ప్రోటీన్ దీనికి అందదు. ఇమ్యూనోఫిక్సేషన్ (యాంటీబాడీలతో ప్రోటీన్ రకాన్ని గుర్తించే పరీక్ష), రక్తంలో ఫ్రీ లైట్ చైన్ పరీక్ష చేయిస్తాం. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్, అంటే డిప్‌స్టిక్, ప్రధానంగా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది. స్ట్రిప్ నెగెటివ్ వచ్చి, అదే మూత్రం ప్రోటీన్లన్నిటినీ చూపే సల్ఫోసాలిసిలిక్ ఆమ్లంతో మసకబారితే, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) ఉందేమో తప్పక చూడాలి.