రాసేది యంత్రం, మరి చదివేదెవరు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయంలో సగం అక్కడే హరించుకుపోతుంది. కాబట్టి అందరికీ కలిపి ఒక్కటే నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘కొత్త టూల్స్, పరిశ్రమ కబుర్లు’. కబుర్లు నా నోట వినేలోపే మీ ఫోన్లలోకి వచ్చేసి ఉంటాయి. అందుకని టూల్స్‌తోనే మొదలుపెడతాను. 2021లో కోడ్ రాయడానికి సాయంచేసే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పుడు, సగం రాసిన ఫంక్షన్‌ను అది పూర్తిచేస్తేనే మురిసిపోయాం. ఇప్పుడు పని అప్పజెబితే ఫైళ్లన్నీ తనే తిరగేసి, మార్పులు చేసి, టెస్టులు కూడా రాసిపెట్టే ఏజెంట్లు వచ్చాయి. నేనూ వాడుతున్నాను. ఎవరో ఎప్పుడో రాసిపోయిన షెల్ స్క్రిప్ట్‌ను, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల చిట్టాను, విడమరిచి చెప్పమన్నప్పుడు, పరిచయం లేని భాషలో చిన్న ప్రోగ్రాం కావలసివచ్చినప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది. వీటిని తిట్టిపోయడానికి నేనిక్కడికి రాలేదు.

కానీ ఒక లెక్క చూడండి. 2025 జులైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం ప్రకటించింది. కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అనుభవం పండిన 16 మంది డెవలపర్లు తమకు కొట్టినపిండి అయిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. కొన్నిటికి ఏఐ వాడనిచ్చారు, కొన్నిటికి వద్దన్నారు. ఏఐ వల్ల 24 శాతం సమయం కలిసొస్తుందని వాళ్లు ముందుగా అంచనా వేశారు. పని ముగిశాక 20 శాతం కలిసొచ్చిందని చెప్పారు. గడియారం మాత్రం 19 శాతం ఎక్కువ పట్టిందని చెప్పింది. అధ్యయనం చిన్నది, టూల్స్ అప్పటివి. దాన్ని పట్టుకుని అందరికీ తీర్పు చెప్పకూడదు. నన్ను కలవరపెట్టింది ఆ 19 కాదు. చేయి తిరిగినవాళ్లకు కూడా తమ వేగం తమకు తెలియకపోవడం.

ఈ మధ్య నా సమీక్షకు వచ్చిన ఒక కోడ్ చెబుతాను. నెట్‌వర్క్ దెబ్బతింటే చెల్లింపును మళ్లీ ప్రయత్నించే ఫంక్షన్. పేర్లు ముచ్చటగా ఉన్నాయి, కామెంట్లు ఉన్నాయి, టెస్టులన్నీ పాసయ్యాయి. టెస్టు తెరిచి చూద్దును కదా, నకిలీ సర్వర్‌ను ‘సరే’ అనమని చెప్పి, అది ‘సరే’ అందో లేదో చూస్తోంది! నెట్‌వర్క్ దెబ్బతినడమనేది ఆ టెస్టులో ఒక్కసారీ జరగదు. పైగా జవాబు ఆలస్యమైతే అదే చెల్లింపును ఇంకోసారి పంపుతోంది. మొదటిది అవతల అప్పటికే నమోదై ఉంటే వినియోగదారుడి డబ్బు రెండుసార్లు పోతుంది. రాయడానికి నిమిషాలు పట్టింది. పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ పూట ఏ నివేదికలోనూ ఎక్కదు.

ఇక్కడ ఎక్స్‌జడ్ సంగతి చెప్పకుండా ఉండలేను. నన్నెరిగినవాళ్లు ‘మళ్లీ మొదలైంది’ అని నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. ఎక్స్‌జడ్ అంటే ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాం, దాదాపు లినక్స్ యంత్రాలన్నిటా ఉండేదే. దాన్ని లాస్సే కోలిన్ అనే ఆయన జీతం లేకుండా ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చారు. 2022లో ఆయన మీద ఉత్తరాల దాడి మొదలైంది. కొత్త విడుదల ఎప్పుడు, మేం పంపిన ఈ ప్యాచ్ (కోడ్ సవరణ) ఎందుకు తీసుకోలేదు, చేతకాకపోతే ఇంకొకరికి ఇవ్వరాదా అని. తన మనసు చాలాకాలంగా బాగాలేదని, ఇది జీతం లేని పని అని ఆయన జవాబు రాశారు. ఆ జవాబు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అలా వెంటపడ్డ పేర్ల వెనుక నిజమైన మనుషులే లేరని తరవాత చాలామంది నిపుణులు అనుమానించారు. ఆ సమయానికే ‘జియా టాన్’ అనే పేరుతో ఒక సహాయకుడు మర్యాదగా, ఓపికగా పనిచేస్తూ ఆయన నమ్మకం సంపాదించాడు. తాళాలు చేతికొచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో దొంగదారి పెట్టాడు, అంటే బయటివాళ్లు యంత్రంలోకి చొరబడే చాటు దారి.

ఎక్కడ పెట్టాడో చూడండి. టెస్టు కోసమంటూ చేర్చిన బైనరీ ఫైళ్లలో, అంటే మనిషి చదవలేని ఫైళ్లలో, దాచాడు. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు వరస విడుదల ప్యాకేజీలో ఉంది, అందరూ చూసే గిట్ రిపాజిటరీలో, అంటే కోడ్ భద్రపరిచే చోట, లేదు. రిపాజిటరీని అక్షరం వదలకుండా చదివినా దొరకదు!

మరెలా దొరికింది? అప్పుడు మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు కోడ్ రాసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ వేరే ఏదో వేగ పరీక్ష చేసుకుంటున్నారు. దూరంలో ఉన్న యంత్రంలోకి భద్రంగా ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు 0.3 సెకన్లు పట్టవలసింది 0.8 పడుతోంది. అర సెకను! మనమైతే నెట్‌వర్క్‌ను తిట్టుకుని టీకి లేస్తాం. ఆయన లేవలేదు, తవ్వారు. తవ్వితే ఎక్స్‌జడ్‌లోని ఆ దొంగదారి బయటపడింది. 2024 మార్చి 29న ప్రపంచానికి చెప్పారు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాల స్థిరమైన విడుదలల్లోకి అది చేరకముందే ఆగింది. ఎంత పెద్ద ప్రమాదం తప్పిందంటే, తప్పింది కాబట్టే అందరం మరిచిపోయాం.

మీలో ఎంతమంది మీ ప్రాజెక్టు డిపెండెన్సీల, అంటే అది ఆధారపడే ఇతరుల కోడ్, జాబితాను ఒక్కసారైనా పూర్తిగా చదివారు? చేతులెత్తండి. ...సరే, దించండి. వెనక వరసలో ఆయన సగమే ఎత్తారు, నిజాయతీపరులు.

ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రోగ్రాం సంగతి కూడా ఒక్క మాట. 1998 నుంచి దాన్ని నడిపిస్తున్న డేనియల్ స్టెన్‌బర్గ్‌కు ఏఐ అల్లిన బూటకపు భద్రతా ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. లేని ఫంక్షన్‌లో లోపం ఉందంటారు, చదవకుండా కొట్టిపారేయడానికి వీల్లేదు. చివరికి లోపాలు చూపినవారికి డబ్బిచ్చే పథకాన్నే 2026 జనవరితో ఆపేశారు. కోలిన్‌ను అలసటకు గురిచేయడానికి అప్పుడు ఎవరో పనిగట్టుకుని పేర్లు సృష్టించవలసివచ్చిందంటారు. ఇప్పుడు కుట్ర కూడా అక్కర్లేదు.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. రెండే కోరికలు. మీ టీమ్‌లో ఎవరు ఎంత కోడ్ రాశారని లెక్కిస్తున్నారు కదా, సమీక్షకు ఎవరు ఎన్ని గంటలు పెట్టారో కూడా ఆ పట్టికలోనే రాయమని మీ మేనేజర్‌ను అడగండి. మీరు ఏదైనా ప్రాజెక్టుకు లోపం తెలియజేసే ముందు దాన్ని మీ యంత్రం మీద మీరే ఒకసారి జరిపించి చూడండి. జరగకపోతే పంపకండి. క్లౌడ్ ధరల గురించి తెచ్చిన కాగితాలు అలాగే మిగిలాయి, కావలసినవాళ్లు బయట అడగండి. ప్రశ్నలుంటే మైకు ఇస్తారు.