ఫోన్-ఇన్: ఓడ ఆఫీసర్ చదువు, ఇంగ్లిష్ రాత

వ్యాఖ్యాత: నర్సంపేట నుంచి కాల్. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. మా బాబు నాటికల్ సైన్స్ డిప్లొమా చేస్తున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. హన్మకొండలో ఇంటర్ చదివాడు, లెక్కల్లో మంచి మార్కులు. వాళ్ళ మామయ్య చెప్తే ఇటు పోయాడు. మాకు సముద్రం సంగతే తెలియదు సార్, మాది పత్తి, మిర్చి. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒకటే టెన్షన్, రిపోర్టులు రాయడం రావట్లేదంట. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్ పెట్టిద్దామని...

నిపుణుడు: ఇబ్బంది మాట్లాడటానికా, రాయడానికా?

కాలర్: మాట్లాడతాడు సార్, మెల్లగా. రాయమంటేనే...

నిపుణుడు: మరి స్పోకెన్ కోచింగ్ ఎందుకన్నా? ఓడ మీద ఆఫీసర్ వ్యాసాలు రాయడు. లాగ్‌బుక్, అంటే ఓడ మీద జరిగిందంతా టైమ్ వేసి నమోదు చేసే పుస్తకం, రాస్తాడు, ప్రమాదం తృటిలో తప్పితే నియర్ మిస్ రిపోర్టు రాస్తాడు, సరుకు తడిస్తే ఉత్తరం రాస్తాడు. ఏ టైమ్‌కి, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరేం చేశారు. అంతే. లాగ్‌బుక్‌లో తప్పు పడితే చెరపకూడదు, వైట్‌నర్ అసలే వద్దు. ఒక్క గీత కొట్టి, సరిగ్గా రాసి, పొడి సంతకం పెట్టాలి. రేపు విచారణ జరిగితే అదే సాక్ష్యం.

కాలర్: అంటే కోచింగ్ వద్దంటారా? ఇక్కడ ఒకాయన నెలలో నేర్పిస్తానంటున్నాడు...

నిపుణుడు: నెలలో రాదండీ. మీ పొలంలో మోటారు ఎప్పుడైనా కాలిందా?

కాలర్: మొన్న దసరాకే సార్, బాబు ఇంట్లో ఉన్నప్పుడే.

నిపుణుడు: దాని మీదే రాయమనండి. సాయంత్రం 5:40కి మోటారు ఆగింది. కాలిన వాసన వచ్చింది. నాన్న మెయిన్ స్విచ్ ఆపాడు. ఇట్లా ఐదారు వాక్యాలు ఇంగ్లిష్‌లో, రోజూ ఏదో ఒక సంగతి మీద. ‘కాసేపటికి’ అని రాయొద్దు, టైమ్ వేయాలి. ‘ఎవరో ఆపారు’ అని రాయొద్దు. లెక్చరర్‌తో దిద్దించుకుని మళ్ళీ రాయాలి. దిద్దించి పక్కన పడేస్తే చేయి తిరగదు.

కాలర్: సరే సార్. తెలుగు మీడియం వాళ్ళను తీసుకోరని అంటున్నారు, అందుకే కోచింగ్...

నిపుణుడు: మళ్ళీ కోచింగేనా! ఏ మీడియం అన్నది కాదన్నా, పని వచ్చా అని చూస్తారు. ఎస్‌టీసీడబ్ల్యూ అని ఓడ సిబ్బంది శిక్షణ మీద అంతర్జాతీయ ఒప్పందం ఉంది, దాని ప్రకారం వాచ్ ఆఫీసర్‌కు, అంటే డ్యూటీలో ఓడ నడకను చూసుకునే ఆఫీసర్‌కు, ఇంగ్లిష్ రాతలోనూ మాటలోనూ రావాలి. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాలున్నాయి, అన్నీ చిన్నచిన్నవే. ఫిలిప్పీన్స్ వాళ్ళకూ ఉక్రెయిన్ వాళ్ళకూ ఒకేలా అర్థం కావాలి కదా. అవి చదవమనండి. బాబు నేర్చుకుంటాడు, మీరు భయపెట్టకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కరీంనగర్ నుంచి.

కాలర్: సార్, ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. డెక్ సైడ్‌కు, అంటే ఓడ నడిపే ఆఫీసర్ చదువుకు, ఇంగ్లిష్‌లో ఎన్ని మార్కులుండాలి?

నిపుణుడు: పదిలో గానీ ఇంటర్‌లో గానీ 50 శాతం. ఎంపీసీలో 60 శాతం. ఈ ఏడాది నోటిఫికేషన్ కూడా చూసుకో తల్లీ.

వ్యాఖ్యాత: మంచిర్యాల నుంచి. త్వరగా చెప్పండి.

కాలర్: క్యాడెట్‌ను సార్, ఓడ ఆఫీసర్‌గా శిక్షణలో ఉన్నాను. రిపోర్టులు ఫోన్‌లో ఏఐతో రాయించుకోవచ్చా?

నిపుణుడు: వద్దు బాబూ. నువ్వు చూడనిది అది కలిపేస్తే? కింద సంతకం నీది, జవాబు చెప్పాల్సిందీ నువ్వే. ముందు నువ్వు రాయి, తర్వాత స్పెల్లింగులు చూసుకో. టైమ్ వేయడం మాత్రం...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది సార్. ధన్యవాదాలు.